అంబాసిడర్ సిల్స్, ఇంటి గేటు, ఒక మిగ్ మిషన్: కావలి నుంచి ఒక కేస్ స్టడీ

ఈ కేసులో పార్టీ రైల్వేలో రిటైరైన పెద్దాయన. ఇల్లు కావలికి తూర్పున, సముద్రం వైపు. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆయన పాత అంబాసిడర్ ఉంది. దాని అడుగు తుప్పు పట్టిపోయింది, దాన్ని ఎవరికీ ఇవ్వకుండా సొంత చేతులతో బాగుచేసుకోవాలని పట్టుదల. దాంతోపాటు ఇంటి గేటు, డాబా మీద ట్యాంకు స్టాండు, కిటికీ గ్రిల్స్ లాంటి చిల్లర పనులకూ పనికొచ్చేట్టు ఒక మిగ్ వెల్డింగ్ మిషన్ కొనాలి. నాది కావలిలోనే బాడీ రిపేర్ షెడ్డు. మిషన్ ఎంచుకోవడం దగ్గర్నుంచి సిల్స్ (డోర్ల కింద పొడుగునా ఉండే రేకు పెట్టెలు) మీద ప్యాచ్‌లు పడేదాకా నేను వెంట ఉన్నాను కాబట్టి మొత్తం రాస్తున్నా. మా వైపు దీన్ని సీఓటూ వెల్డింగ్ అనే అంటారు, రాడ్ బదులు తీగ తనంతట తానే గన్ లోంచి వస్తుంటుంది, చుట్టూ గ్యాస్ కాపు కాస్తుంది.

ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ అడిగేదే ఆయనా అడిగారు. "ఏందబ్బయా, 200 ఆంపియర్లది సరిపోద్దా, 250ది తీసుకోమంటావా?" నేను తిరిగి అడిగింది ఒకటే: "సార్, మీరు అంటించబోయే వాటిలో అన్నిటికన్నా పల్చటి రేకు ఎంత?" గేటుకీ ట్యాంకు స్టాండుకీ ఏ మిషనైనా సరిపోతుంది, చివరికి పాత రాడ్ మిషన్ కూడా. కారు రేకు దగ్గరే అసలు తిప్పలు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే నంబరు ఆ మిషన్ ఎంత పైకి పోతుందో చెబుతుంది. మనకి కావాల్సింది అది ఎంత కిందికి దిగి కూడా ఆర్క్ (తీగ కొసకీ రేకుకీ మధ్య మండే మెరుపు) తెగకుండా నిలబడుతుందో. దాన్ని చాలామంది డీలర్లు చెప్పరు, అడిగితే క్యాటలాగ్ తిరగేస్తారు.

పని ఎంతుందో చూడటం

కారుని జాకీ మీద లేపి ఒక పాత స్క్రూడ్రైవర్‌తో అడుగంతా పొడుచుకుంటూ పోయాం. ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో పైన పెయింటు నిగనిగలాడుతున్నా లోపల పేపరు మిగులుతుంది. రెండు వైపులా సిల్స్ కింది అంచు, డ్రైవర్ కాళ్ళ దగ్గర ఫ్లోర్, డిక్కీలో స్టెప్నీ కూర్చునే గుంట, ఇవన్నీ పోయినట్టే. ఎడమ వెనక చక్రం మీది అంచుకి అయస్కాంతం పెడితే అంటుకోలేదు, అంటే అక్కడ రేకు లేదు, ఎప్పుడో ఎవరో కొట్టిన పుట్టీ ఉంది.

అంబాసిడర్ పాత మోరిస్ ఆక్స్‌ఫర్డ్ డిజైన్ మీద హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు ఉత్తరపారాలో 2014 దాకా చేసిన బండి. చూడ్డానికి జీపులా మొరటుగా ఉంటుంది గానీ కింద విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. కాబట్టి సిల్ అంటే అందానికి పెట్టిన రేకు అనుకుంటే పొరపాటు, బండి బరువులో కొంత అదే మోస్తుంది. అక్కడ పుట్టీ, ఫైబర్ పనికిరావు. రివెట్లు కొట్టి మమ అనిపించడం కూడా కుదరదు. వెల్డు లోతుకి దిగాలి, అలాగని రేకుకి బొక్క పడకూడదు. రెండూ ఒకేసారి కావాలి కాబట్టే మిషన్ విషయంలో ఇంత ఆలోచన.

తుప్పు లేని చోట గీకి వెర్నియర్ (మందం కొలిచే పరికరం) పెడితే ఫ్లోర్, సిల్ దాదాపు 18 గేజ్ వచ్చాయి, అంటే 1.2 మి.మీ. పై ప్యానెళ్ళు 20 గేజ్ దగ్గర, 0.9 మి.మీ. ఇంటి పనుల వైపు ట్యాంకు స్టాండు యాంగ్లర్ 5 మి.మీ., గేటు స్క్వేర్ పైపు 2 మి.మీ. పెద్దలు చెప్పే లెక్క ఒకటుంది, మెత్తటి ఇనుములో మిల్లీమీటరు మందానికి దాదాపు 40 ఆంపియర్లు. ఆ లెక్కన కారు రేకుకి 35 నుంచి 50. గేటుకి 80. యాంగ్లర్‌కి లెక్క ప్రకారం 200 కావాలి గానీ అంచులు చాంపర్ చేసి, అంటే ఏటవాలుగా గ్రైండ్ చేసి, ఒకదాని మీద ఒకటి రెండు వరసలు వేసుకుంటే 130, 140తో అయిపోతుంది. ఈ ఇంటికి 250 ఆంపియర్ల మిషన్ అవసరం లేదని ఇక్కడే తేలిపోయింది.

కరెంటు సంగతి

మిషన్ కొట్టుకి పోకముందు నేను ఎవరింటికి పోయినా మల్టీమీటర్ తీసుకుపోతాను. ఈయన షెడ్డుకి మీటర్ దగ్గర్నుంచి ఒక పాతిక మీటర్లు వైరు లాగారు, 1.5 స్క్వేర్ ఎంఎం, మధ్యలో రెండుచోట్ల టేపు చుట్టిన జాయింట్లు. ప్లగ్గులో ఊరికే చూస్తే 222 వోల్టులు, బాగానే ఉంది. నీళ్ళు కాచుకునే 1500 వాట్ల హీటర్ అదే ప్లగ్గులో పెట్టి చూస్తే 212. ఆరున్నర ఆంపియర్లకే పది వోల్టులు పోతే పదిహేను లాగినప్పుడు ఏం మిగులుతుంది? ఇందులో వైరు తినేది నాలుగు వోల్టులే (1.5 వైరు మీటరుకి 0.012 ఓములు, పోను రాను 50 మీటర్లు), మిగతాది ఎక్కువగా ఆ జాయింట్ల పాపం.

సాయంత్రం పూట ఆ వీధిలో వోల్టేజీ ఇంకా దిగుతుంది. ఇన్వర్టర్ మిషన్లు మామూలుగా 230కి అటూ ఇటూ 15 శాతం తట్టుకుంటాయి, అంటే 195 దాకా. ఆ కిందికి పోతే కొన్ని ఆగిపోతాయి, కొన్ని ఆగకుండా తీగని ఉమ్ముకుంటూ పోతాయి. రెండో రకంతోనే తలనొప్పి, ఎందుకంటే మనిషి తన చెయ్యి కుదరడం లేదనుకుని చెయ్యి మార్చుకుంటూ కూర్చుంటాడు.

అందుకని ముందు 4 స్క్వేర్ రాగి వైరు జాయింటు లేకుండా కొత్తగా లాగించి, విడిగా 32 ఆంపియర్ల సి కర్వ్ ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే తనే పడిపోయే స్విచ్చి), ఇండస్ట్రియల్ సాకెట్, సరైన ఎర్త్ పెట్టించాం. మామూలు 16 ఆంపియర్ల ప్లగ్గు కారు రేకు పనికి చాలు, 50 ఆంపియర్ల వెల్డింగ్‌కి మిషన్ లోపలికి లాగేది ఆరేడు ఆంపియర్లే. కానీ 120 మీద యాంగ్లర్ కొడితే అది ఇరవై దగ్గరికి పోతుంది, ప్లగ్గు నల్లబడుతుంది. మీటర్ మీద ఒప్పుకున్న లోడ్ కూడా తక్కువ ఉంది కాబట్టి కరెంటు ఆఫీసులో లోడ్ పెంచమని అర్జీ పెట్టుకున్నారు. ఈ పని మిషన్ వచ్చాక చేద్దాంలే అనుకునేవాళ్ళే ఎక్కువ.

మూడు దార్లు

ఆయన దృష్టిలో మూడు రకాలు ఉన్నాయి.

ఒకటి, ఆన్‌లైన్లో దొరికే చిన్న గ్యాస్‌లెస్ మిగ్. సిలిండర్ అక్కర్లేదు, కిలో స్పూల్ (తీగ చుట్ట) లోపలే పడుతుంది, ధర తక్కువ. ఇందులో వాడేది లోపల ఫ్లక్స్ నింపిన తీగ, రాడ్ మీది పూతే తీగ కడుపులో ఉంటుందనుకోండి. ఆరుబయట గేటు పనికి బంగారం. 20 గేజ్ రేకుకి మాత్రం వేడెక్కువ, తుంపర ఎక్కువ, ప్రతి టాక్ (చుక్క వెల్డు) మీదా స్లాగ్ (పైన పేరుకునే పెంకు) కొట్టుకోవాలి. పైగా చవకవాటిలో పోలారిటీ (గన్ పాజిటివా, నెగెటివా అన్నది) మార్చుకునే వీలుండదు కాబట్టి రేపు గ్యాస్ పెట్టుకుందామన్నా కుదరదు. వద్దన్నాను.

రెండోది, నెల్లూరులో ఒక బాడీ షాపు మూసేస్తూ అమ్ముతున్న పాత ట్రాన్స్‌ఫార్మర్ సీఓటూ మిషన్. గట్టిది, ఇరవై ఏళ్ళు ఏమీ కాదు, లోపల కాలిపోయే బోర్డులు తక్కువ, ఉప్పుగాలికి జడవదు. నాకు ఇప్పటికీ వాటి మీద ప్రేమే. కానీ అది మూడు ఫేజులది, ఇంట్లో ఉన్నది సింగిల్ ఫేజు. పైగా వోల్టేజీ మెట్లు మెట్లుగా మారుతుంది, ఒక మెట్టు తక్కువైతే తీగ అంటుకోదు, ఇంకో మెట్టు ఎక్కితే రేకు పోతుంది, మధ్యలో ఏమీ లేదు. ఇద్దరు పట్టుకుంటే గానీ కదలదు కూడా.

మూడోది, సింగిల్ ఫేజు ఇన్వర్టర్, 200 ఆంపియర్లది, గ్యాస్‌తోనూ గ్యాస్‌లెస్ తీగతోనూ రాడ్‌తోనూ పనిచేసేది. మా నిర్ణయం ఇటే పోయింది. అయితే ఈ రకంలోనే బజార్లో బోలెడున్నాయి, అన్నిటి మీదా అదే 200. వాటిని దేంతో వేరు చెయ్యాలన్నదే మిగిలిన ప్రశ్న.

నేను చూసేవి చెబుతా. తక్కువలో తక్కువ కరెంటు 30 ఆంపియర్లా, 50 ఆంపియర్లా. గన్ విప్పి మార్చుకునే యూరో కనెక్టరేనా, లేక మిషన్లోకి అతికించేసిందా (యూరో అయితే ఎంబీ15 రకం గన్, టిప్పులు, నాజిల్ ఎక్కడైనా దొరుకుతాయి). తీగని తోసే ఫీడర్ ఇనుమా, ప్లాస్టిక్కా. 5 కిలోల స్పూల్ పడుతుందా. పోలారిటీ మార్చే కేబుల్ బయటికి ఉందా. వోల్టేజీకి ఒక నాబ్, తీగ వేగానికి ఒక నాబ్ విడివిడిగా ఉన్నాయా. సినర్జిక్ అని ఒకే నాబ్‌తో అన్నీ తనే చూసుకునేవి వస్తున్నాయి, నేర్చుకునేవాడికి హాయే, కానీ మాన్యువల్‌కి మార్చుకునే దారి కూడా ఉండాలి. ఇండక్టెన్స్ (కరెంటు ఎంత వేగంగా ఎగబాకాలో తేల్చేది) నాబ్ ఉంటే పల్చటి రేకుకి కలిసొస్తుంది, ఆర్క్ మెత్తబడుతుంది.

డ్యూటీ సైకిల్ గురించి ఎక్కువ భయపెడతారు. 200 దగ్గర 60 శాతం అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు ఆపకుండా కాల్చొచ్చని, అదీ 40 డిగ్రీల వేడిలో పరీక్షిస్తేనే ఆ మాటకి విలువ. మే నెలలో మా రేకుల షెడ్లలో 40 అంటే చల్లగా ఉన్నట్టు. అయినా కారు పనిలో ఒక్కో టాక్ సెకను, సెకనున్నర, ఆ తర్వాత చల్లారేదాకా ఆగడం. డ్యూటీ సైకిల్ గుర్తే రాదు. ట్యాంకు స్టాండు దగ్గర మాత్రం గుర్తొస్తుంది.

కొట్లో పరీక్ష

నెల్లూరు కొట్టుకి పోయేటప్పుడు పెద్దాయన కారు ఫ్లోర్ లోంచి కోసిన మంచి రేకు ముక్కలు, కొత్త 20 గేజ్ ముక్కలు కొన్ని సంచిలో వేసుకున్నాం. గ్రైండ్ చేసి తళతళలాడేట్టు పెట్టినవి. డీలర్ తనదగ్గర ఉన్న 6 మి.మీ. ప్లేటు మీద ఒక బీడు (వెల్డు గీత) గీసి చూపించబోతే ఆగమన్నాను. మందపాటి ప్లేటు మీద ఏ మిషనైనా బాగానే గీస్తుంది.

ఈ మూడో రకంలోవే రెండు మిషన్లు పక్కపక్కన పెట్టించి రెండిటికీ ఒకే తీగ ఎక్కించాం, 0.8 మి.మీ. ఈఆర్70ఎస్-6 (మెత్తటి ఇనుముకి వాడే మామూలు తీగ). మొదటిదాని ప్యానెల్ మీద కింది అంకె 50. అంతకి దించితే 18 గేజ్ మీద ఫర్వాలేదు, 20 గేజ్ అంచుకి అంచు పెట్టి టాక్ కొడితే అంచు వెనక్కి కరుచుకుపోయి మినపగింజంత బొక్క. మళ్ళీ కొడితే ఆ బొక్క పెద్దదయింది. రెండోది 30 దాకా దిగింది. వోల్టేజీ 16, తీగ నెమ్మదిగా. మొదట టపటపమని తుంపర్లు కొట్టింది, తీగ వేగం పిసరంత పెంచాక మోత మారి తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టు ఎడం లేకుండా పడింది. రేకు తిప్పి చూస్తే వెనక వైపు సన్నటి బుడిపె, అంటే వెల్డు ఇవతల నుంచి అవతలకి దిగింది. ఆ ముక్కని వైస్‌లో బిగించి వెల్డు దగ్గర మడిచాం, అటూ ఇటూ. పక్క రేకు విరిగింది గానీ టాక్ ఊడలేదు. పెద్దాయన ఆ ముక్క జేబులో వేసుకుని "ఇదే కట్టించు" అన్నారు.

ఏ కంపెనీ అని చాలామంది అడుగుతారు. దానికంటే కావాల్సింది, బోర్డు పోతే నెల్లూరులోనో ఒంగోలులోనో చూసేవాడు ఉన్నాడా లేడా. ఆ మాట డీలర్ దగ్గర కాగితం మీద రాయించుకున్నాం.

గ్యాసు, గాలి

గ్యాస్‌లో రెండు దార్లు. ఉత్త సీఓటూ, లేదా ఆర్గాన్‌లో 20 శాతం దాకా సీఓటూ కలిపిన మిక్స్. పల్చటి రేకుకి మిక్స్ మేలు, తుంపర తక్కువ, ఆర్క్ మెత్తగా ఉంటుంది. కానీ ధర ఎక్కువ, కావలిలో అనుకున్నప్పుడల్లా దొరకదు. సీఓటూ అయితే సోడా వాళ్ళకి కూడా కావాలి కాబట్టి చిన్న ఊళ్ళలోనూ తిరుగుతుంది. సిల్స్, ఫ్లోర్ ఎలాగూ గ్రైండ్ చేసి అండర్ కోటింగ్ కింద పోయేవే, వాటికి సీఓటూ చాలన్నాను. డోర్లు, చక్రాల అంచులు మొదలుపెట్టినప్పుడు మిక్స్ తెచ్చుకోవచ్చు. అప్పుడు రెగ్యులేటర్ కూడా మార్చాలి, సీఓటూది ఆర్గాన్ సిలిండర్‌కి పట్టదు.

నిమిషానికి 10 లీటర్లు పెట్టుకుంటే కిలో సీఓటూ దాదాపు 50 నిమిషాల ఆర్క్‌కి వస్తుంది. టాక్‌లు కొట్టుకునే ఇంటిపనికి చిన్న సిలిండర్ కూడా నెలల తరబడి రావాలి. రాకపోతే ఎక్కడో కారుతున్నట్టే, సబ్బు నురగ పెట్టి చూసుకోవాలి, సాయంత్రం పని అయ్యాక సిలిండర్ వాల్వే కట్టేయాలి. ఇంకోటి, సీఓటూ సిలిండర్ గేజి చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. లోపల ద్రవం ఉన్నంతసేపూ ముల్లు అక్కడే ఉంటుంది, అయిపోయే ముందు గభాలున పడిపోతుంది. తూకం వేసుకోవడమే దారి. 31 డిగ్రీలు దాటితే లోపల ద్రవమే ఉండదు, ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, కాబట్టి ఎండాకాలం సిలిండర్ నీడన ఉండాల్సిందే. షెడ్డులో పడమటి గోడకి ఆనించి పెట్టారు, తీయించి లోపలికి మార్పించి గొలుసు కట్టించాను.

గాలి గురించి మా తీరంలో ప్రత్యేకం చెప్పుకోవాలి. వేసవిలో పగలు పడమటి గాలి, మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి, ఏదో ఒకటి షెడ్డులోకి దూరుతూనే ఉంటుంది. ఆ గాలికి గ్యాస్ చెదిరిపోయి వెల్డు నిండా చీమల పుట్టలా రంధ్రాలు పడతాయి. గ్యాస్ 20 లీటర్లకి పెంచేస్తే పోతుందనుకుంటారు, పెంచితే అదే సుడి తిరిగి బయటి గాలిని లోపలికి లాక్కుంటుంది. తూర్పు వైపు టార్పాలిన్ కట్టి, కారు పని ఉదయం పూట పెట్టుకోమన్నాను. గేటు, ట్యాంకు స్టాండు ఎలాగూ బయటే కాబట్టి వాటికి గ్యాస్ కట్టేసి ఫ్లక్స్ తీగ. తీగ మార్చినప్పుడు పోలారిటీ కూడా మార్చాలి, మామూలు తీగకి గన్ పాజిటివ్, ఆ ఫ్లక్స్ తీగకి గన్ నెగెటివ్. రోలర్ కూడా పళ్ళున్నది వేసుకోవాలి, మామూలు వి గాడి రోలర్‌తో గట్టిగా నొక్కితే బోలు తీగ చప్పిడై లైనర్‌లో (తీగ గన్ దాకా పోయే గొట్టం) ఇరుక్కుంటుంది.

తీగ 15 కిలోల స్పూల్ కొంటే కిలో లెక్కన కలిసొస్తుందని డీలర్ అన్నాడు. మాకు కలిసిరాదు. సముద్రం పక్కన తెరిచిపెట్టిన స్పూల్ వర్షాకాలంలో పైపొర తుప్పెక్కుతుంది, ఆ తుప్పు లైనర్‌లో పేరుకుని తీగ ఆగి ఆగి వస్తుంది. 5 కిలోలదే తీసుకుని, పని లేని వారాల్లో తీసి ప్లాస్టిక్ సంచిలో కట్టి ఇంట్లో పెట్టుకోవడం.

సిల్ మీద పని

సిల్ కోయకముందు డోర్ ఖాళీలో స్క్వేర్ పైపు అడ్డంగా, ఏటవాలుగా టాక్ కొట్టి బిగించాం. ఇది చెయ్యకుండా సిల్ కోసేస్తే బాడీ మధ్యలో కుంగి, అంతా అయ్యాక డోరు పడదు. బ్యాటరీ విప్పాం. సీట్లు, మ్యాట్లు, కింద ఉన్న తారు పొర తీసేశాం, పెట్రోల్ ట్యాంకు దించి బయట పెట్టాం. తుడవడానికి బ్రేక్ క్లీనర్ స్ప్రే తెచ్చుకున్నారు, క్లోరిన్ ఉన్న రకం. దాని తడి మీద ఆర్క్ తగిలితే ఫాస్జీన్ విషవాయువు పుడుతుంది, ఆ డబ్బా అసలు షెడ్డులోనే ఉంచొద్దన్నాను. ఒక పక్క తడి గోనెసంచి, నీళ్ళ బకెట్.

ఒకేసారి మొత్తం సిల్ కోయలేదు, జానెడు జానెడు. మంచి ఇనుము తగిలేదాకా కోసి, అదే 18 గేజ్‌లో ప్యాచ్ మడిచి, అంచుకీ అంచుకీ మధ్య తీగ మందమంత సందు ఉంచాం. మూలల్లో టాక్, తర్వాత వాటి మధ్యలో, మళ్ళీ వాటి మధ్యలో, ఎప్పుడూ ఒకదాని పక్కన ఒకటి కాకుండా దూరం దూరంగా. చెయ్యి పెట్టి చూసి కాలకపోతేనే తర్వాతది. పెద్దాయనకి రాడ్ వెల్డింగ్ అలవాటు ఉంది కాబట్టి చెయ్యి గీసుకుంటూ పోవాలని చూస్తుంది, రెండు అంగుళాలు ఆపకుండా గీస్తే ప్యాచ్ అప్పడంలా లేస్తుందని మొదటి ముక్కలోనే కనిపించింది, ఆ తర్వాత ఆయనే తగ్గారు. పాత రేకు పల్చబడ్డ చోట బొక్కలు పడ్డాయి, వెనక రాగి పట్టీ నొక్కిపట్టి నింపాం, రాగికి వెల్డు అంటుకోదు, వేడిని మాత్రం లాగేస్తుంది. వెనక చెయ్యి దూరని పెట్టె భాగంలో ఇది కుదరదు, అక్కడ ఇంకాస్త కోసి మంచి రేకు దాకా పోవడమే.

లెక్కలు, సెట్టింగులు

మిషన్ 20 వేల పైచిలుకు. దాదాపు అంతే డబ్బు మిగతావాటికి పోయింది: సిలిండర్ డిపాజిట్, రెగ్యులేటర్, ఆటో డార్క్ హెల్మెట్, చేతి తొడుగులు, తీగ, టిప్పులు, గ్రైండర్ వీల్స్, కొత్త వైరింగ్. మొత్తం బడ్జెట్ మిషన్‌కే పెట్టేసి హెల్మెట్ దగ్గర నల్ల కళ్ళద్దాలతో సరిపెట్టుకునేవాళ్ళని చూశాను, రాత్రికి కళ్ళలో ఇసుక పోసినట్టుంటుంది. జీఐ పైపులు అంటించేటప్పుడు జింకు పూత గీకేయకపోతే ఆ పొగకి జ్వరం కూడా వస్తుంది.

మిషన్ మూత లోపల పెద్దాయన అంటించుకున్న కాగితం మీద 0.8 తీగకి ఇవీ అంకెలు. 20 గేజ్‌కి 16 వోల్టులు, తీగ నిమిషానికి రెండున్నర మీటర్లు. 18 గేజ్‌కి 16.5, మూడు మీటర్లు. గేటు పైపుకి 18, నాలుగున్నర. యాంగ్లర్‌కి 20 పైన, ఏడు మీటర్లు. సీఓటూతో కుదిరినవి ఇవి, మిక్స్ పెట్టినప్పుడు వోల్టు, వోల్టున్నర తగ్గించుకోవాలి. వోల్టేజీ సాయంత్రం 200కి పడిపోయినప్పుడు 20 గేజ్ జోలికి పోవడం లేదు, ఆ టైములో గ్రైండింగ్ పెట్టుకుంటున్నారు.

సిల్స్ రెండూ అయ్యాయి, డోర్లు ముందులాగే పడుతున్నాయి. డ్రైవర్ వైపు ఫ్లోర్ సగంలో ఉంది. గేటు కింది పట్టీ మార్చారు, ట్యాంకు స్టాండు ఇంకా ముట్టుకోలేదు. వీధిలో ఒకాయన అప్పుడే ట్రాక్టర్ కేజ్ వీల్ తెచ్చి షెడ్డు ముందు పడేశాడట, అంటించి పెట్టమని. ఫోన్‌లో అడిగితే, దాన్ని మా షెడ్డుకి పంపించమన్నాను.